జవాబు సరే, ఎలా వచ్చిందో చెప్పు!

తరగతి గది: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే గోడు: “పిల్లలకు తెలుసు, కానీ నోరు విప్పరు.” అందుకే ఈ నెల శీర్షికను పూర్తిగా ఆ విషయానికే కేటాయించాం.

ప్రశ్న: నాలుగో తరగతికి చెబుతాను. ఏం అడిగినా ముందు బెంచీల్లోని ఆ నలుగురే చేతులెత్తుతారు. మిగతా ఇరవై మందీ తలలు దించుకుంటారు. అందరిచేతా మాట్లాడించే మార్గం ఉందా?
– సెకండరీ గ్రేడ్ టీచర్ (ఎస్‌జీటీ), నంద్యాల జిల్లా

జవాబు: ఉంది. కానీ ముందు పిల్లల్ని కాదు, మన ప్రశ్నల్ని పట్టి చూడాలి. ఫోన్లో రికార్డింగ్ నొక్కి జేబులో వేసుకుని ఒక పీరియడ్ పాఠం చెప్పండి. సాయంత్రం మీరొక్కరే వినండి. మన బళ్ళలో ఎక్కువగా వినబడే ప్రశ్న ఇలా ఉంటుంది: “మొక్కల వేర్లు నేలలోంచి నీటిని పీల్చు...?” అని టీచరు గొంతు పైకి లేపి ఆగుతారు. “...కుంటా...యి!” అని క్లాసంతా రాగం తీస్తుంది. తెలుగులో క్రియ వాక్యం చివర వస్తుంది కాబట్టి ఈ ఆట మనకు మరీ సులువు. గది హోరెత్తిపోతుంది, ఆలోచించినవాళ్ళు మాత్రం ఎవరూ ఉండరు. “అర్థమైందా?” “అర్థమైంది టీచర్!” కూడా ఆ కోవలోదే.

ఒక్క మాటలో జవాబొచ్చే ప్రశ్నకు వేగంగా చెయ్యెత్తేవాడిదే రాజ్యం. “ఆవిరి అంటే ఏమిటి?” అంటే నిర్వచనం కంఠతా వచ్చినవాడు లేస్తాడు. “మధ్యాహ్నం అన్నం గిన్నె మీద మూత తీస్తే లోపలి వైపు నీటి చుక్కలుంటాయి కదా, అవి అక్కడికి ఎలా చేరాయి?” అని అడగండి. గైడులో లేని ప్రశ్న కాబట్టి ఇరవై నాలుగు మందీ ఒకే గీత మీద నిలబడతారు.

రెండోది గడియారం. అమెరికాలో మేరీ బడ్ రో అనే సైన్సు విద్యా పరిశోధకురాలు తరగతి గదుల రికార్డింగులు విని 1970ల్లో ఒక సంగతి బయటపెట్టారు. ప్రశ్న అడిగాక టీచర్లు ఆగేది దాదాపు ఒక్క సెకను. దాన్ని మూడు సెకన్లకు పెంచితే జవాబులు పొడవయ్యాయి, ‘తెలీదు’లు తగ్గాయి, అంతకుముందు నోరెత్తనివాళ్ళు కూడా మాట్లాడారు. ఆమె ఆగమన్నది రెండు చోట్ల: మన ప్రశ్న తర్వాత, పిల్లల జవాబు తర్వాత. ఈ రెండోదే మనకు చేతకానిది. “అన్నం వేడికి అట్లా వచ్చాయి టీచర్” అనగానే “గుడ్, కూర్చో” అంటే కథ అక్కడికి కంచికే. అదే ఏమీ అనకుండా ఆ పిల్ల వైపే చూస్తూ నిలబడితే, “...అంటే, ఆవిరి పైకి పోయి మూతకి తగిలి...” అని తనే అందుకుంటుంది. చెయ్యి వెనక్కి పెట్టుకుని నింపాదిగా ఐదు వేళ్ళు మడవండి, మూడు సెకన్లు దాటిపోతాయి. మొదటి వారం ఆ నిశ్శబ్దం మీకే ఇబ్బందిగా ఉంటుంది, పిల్లలకు కాదు.

ఇక పద్ధతి. మేరీలాండ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఫ్రాంక్ లైమన్ 1981లో ‘థింక్–పెయిర్–షేర్’ అని పేరు పెట్టిన క్రమమే ఇది. ప్రశ్న బోర్డు మీద రాయండి. చేతులెత్తడం బంద్ అని చెప్పండి. ఒక నిమిషం ఎవరి పలక మీద వాళ్ళు ఒక వాక్యమో బొమ్మో వేసుకోవాలి. తర్వాత రెండు నిమిషాలు పక్కవారితో మాట: మొదటి నిమిషం కిటికీ వైపు కూర్చున్నవారిది, రెండో నిమిషం గుమ్మం వైపువారిది. ఇలా విడగొట్టకపోతే గట్టి గొంతువాడే రెండు నిమిషాలూ మింగేస్తాడు. ఆ తర్వాత ఐస్‌క్రీం పుల్లల మీద పేర్లు రాసి డబ్బాలో వేసి మూడు తీయండి. పేరొచ్చిన పిల్లను మొదట “నీ పక్కమ్మాయి ఏమనుకుంటోంది?” అని అడగండి. తన తప్పు బయటపడుతుందన్న దడ ఉండదు కాబట్టి ఇది తేలిగ్గా వస్తుంది, పైగా విన్నదీ లేనిదీ తెలిసిపోతుంది. తర్వాత “మరి నువ్వో?” అనండి.

జంట కట్టేటప్పుడు ఫస్ట్ ర్యాంకు పిల్లనీ అసలు మాట్లాడని పిల్లనీ కలపకండి. రెండో అమ్మాయి రాసిచ్చే గుమస్తా అవుతుంది. దగ్గర దగ్గర స్థాయివాళ్ళు వాదించుకుంటారు.

ప్రశ్న: మూడో తరగతిలో 63 లోంచి 27 తీసేయమంటే ఒక బాబు 44 అన్నాడు. క్లాసంతా నవ్వింది, వాడు రెండు రోజులు లెక్కల పీరియడ్‌లో మాట్లాడలేదు. తప్పు జవాబును చర్చకు పెట్టాలంటారు. బోర్డు మీద తప్పు రాస్తే మిగతావాళ్ళూ అదే పట్టుకోరా?
– ఉపాధ్యాయురాలు, భీమవరం

జవాబు: 44 గాల్లోంచి రాలేదు. ఒకట్ల స్థానంలో 3 లోంచి 7 పోదు కాబట్టి బాబు 7 లోంచి 3 తీశాడు, 4 వచ్చింది. పదుల్లో 6 లోంచి 2 పోతే 4. “ఎప్పుడూ పెద్దదాంట్లోంచి చిన్నది తీయాలి” అని కిందటేడు మనమే నేర్పాం, వాడు ఆ మాట తూచా తప్పకుండా పాటించాడు. తప్పు మన సూత్రంలో ఉంది. ఇది వాడిచేతనే చెప్పిస్తే తప్ప బయటపడదు.

ఈ లెక్కకు క్లాసులో సాధారణంగా మూడు జవాబులు వస్తాయి: 44, 46, 36. మూడూ బోర్డు మీద ఒకే సైజులో, పక్కపక్కన రాయండి. టిక్కు పెట్టకండి. ముఖ్యంగా మొహంలో ఏదీ కనబడనివ్వకండి, పిల్లలు బోర్డు కంటే ముందు మన కనుబొమలు చదువుతారు. ఎవరి జవాబు ఎవరిదో రాయక్కర్లేదు.

తర్వాత “ఎలా వచ్చింది?” అని ముందుగా 36 చెప్పినవారిని అడగండి. చాలామంది తడబడేది ఇక్కడే. తప్పు జవాబుకే “ఎలా?” అని అడిగి, సరైనదానికి “వెరీ గుడ్” అంటే, పది రోజుల్లో “ఎలా?” అన్న మాటకు “నువ్వు తప్పు” అనే అర్థం క్లాసులో స్థిరపడిపోతుంది. మీ నోట ఆ మాట రాగానే పిల్లలు రబ్బరు తీసి చెరిపేయడం మొదలుపెడితే, ఆ జబ్బు వచ్చేసినట్టే. ఒప్పుకీ తప్పుకీ ఒకే గొంతుతో, ఒకే ప్రశ్న.

44 దగ్గరికి వచ్చినప్పుడు మాటలు ఇలా నడవచ్చు:

“44 ఎలా వస్తుంది నాన్నా?”
“ఏడులోంచి మూడు తీస్తే నాలుగు. ఆరులోంచి రెండు తీస్తే నాలుగు.”
“ఆ ఏడు ఎక్కడిది? మన దగ్గర ఉన్నదాంట్లోదా, ఇచ్చెయ్యాల్సినదాంట్లోదా?”
“ఇచ్చెయ్యాల్సిన... దాంట్లోది.”

ఇక్కడ ఆగండి. “చూశావా మరి!” అనకండి. కాసేపు వాడినే తల గోక్కోనివ్వండి. కదలిక లేకపోతే ఒక్క మెట్టు అందించండి: “27 ఇచ్చేశాక 44 మిగిలాయన్నావు. ఇచ్చినవి తిరిగొచ్చేస్తే మొదట ఎన్ని ఉండాలి?” 27, 44 కలిపితే 71. “అరె, 63 రావాలి కదా!” అన్న మాట వాడి నోటే వస్తుంది.

ఇప్పుడు చీపురుపుల్లలు బల్ల మీదికి తెండి. పదేసి పుల్లల కట్టలు 6, విడి పుల్లలు 3. ఏడు ఇవ్వాలంటే విడివి చాలవు, ఒక కట్ట రబ్బరుబ్యాండు విప్పాలి. ఇక 5 కట్టలు, 13 పుల్లలు. అందులోంచి 7 పుల్లలు, 2 కట్టలు పోతే 36. 46 అన్న అమ్మాయి సంగతి కూడా దీంతోనే తేలుతుంది: విప్పిన కట్టను ఇంకా కట్టగానే లెక్కేసింది. ఆ మాట ఆమె చేతే అనిపించండి.

మూడోవాడు అసలు అప్పులూ కట్టలూ లేకుండా, “27కి మూడు వేస్తే 30, అక్కడ్నించి 63కి 33, మొత్తం 36” అంటాడు. కిరాణా కొట్టులో చిల్లర తిరిగిచ్చే పద్ధతి అది. “అంటే నువ్వు పదుల నుంచి అప్పు తెచ్చుకున్నావన్నమాట” అని దాన్ని మన పాఠంలోకి లాక్కోకండి. వాడు అప్పు తేలేదు. బోర్డు మీద ఒక గీత గీసి 27, 30, 63 గుర్తులు పెట్టి, గెంతుల మీద 3, 33 రాయండి. “నువ్వు చెప్పింది ఇదేనా?” అని అడగండి. “కాదు టీచర్” అనే హక్కు వాడికుండాలి. పిల్లల మాటను మనం మళ్ళీ చెప్పడంలో లాభమంతా ఆ చివరి ప్రశ్నలోనే ఉంది. అది లేకుండా మళ్ళీ చెబితే మన ఆలోచనకు వాడి పేరు పెట్టినట్టవుతుంది.

మీ భయం ఒక విషయంలో నిజమే. బెల్లు కొట్టేసరికి మూడు జవాబులూ బోర్డు మీద అలాగే మిగిలిపోతే, కొందరు 44నే రాసుకుని ఇంటికెళ్తారు. చివరి రెండు నిమిషాలు దానికే ఉంచండి: 44, 46 కొట్టేసి, ఎందుకు కాదో పక్కనే పిల్లలు చెప్పిన మాటల్లోనే రాయండి. ‘విప్పిన కట్టను మళ్ళీ లెక్కపెట్టాం’ – చాలు.

ఇక నవ్వుల సంగతి. తిడితే ఆ పిల్లాడి తప్పు ఇంకా పెద్దదిగా కనబడుతుంది. నవ్విన పిల్లనే మామూలుగా అడగండి: “అతను ఏడులోంచి మూడు ఎందుకు తీసుంటాడంటావ్?” చెప్పాలంటే తనూ 44 దాకా నడవాలి. సరైన జవాబుకు అందరిచేతా చప్పట్లు కొట్టించే అలవాటుంటే అది కూడా మానేయడం మంచిది. ఒకరికి మోగిన చప్పట్లు తర్వాతి పిల్లవాడికి మోగకపోతే అదీ ఒక తీర్పే.

ప్రశ్న: ఏడో తరగతి సైన్సు. ఇంగ్లిష్ మీడియం చేశాక పిల్లలు పూర్తిగా మూగబోయారు. తెలుగులో అడిగితే మస్తు చెప్తారు. తెలుగులో మాట్లాడనిస్తే ఇంగ్లిష్ ఎప్పుడు వస్తది అని హెడ్మాస్టర్ గారి ప్రశ్న.
– స్కూల్ అసిస్టెంట్, సిద్దిపేట జిల్లా

జవాబు: ఆలోచన, భాష రెండూ ఒకేసారి కొత్తవైతే పిల్లలు రెండూ వదిలేస్తారు. ముందు ఆలోచన తేలనివ్వండి, తేలిన ఆలోచనకు ఇంగ్లిష్ తొడగడం సులువు. రెండు రాష్ట్రాల్లోనూ ఒక పేజీ ఇంగ్లిష్, ఎదురు పేజీ తెలుగు ఉన్న పుస్తకాలు వచ్చాయి కాబట్టి, తెలుగులో చర్చించడం దొంగచాటు పని కాదు.

ఒక పీరియడ్ ఎలా నడపొచ్చో చూద్దాం. స్టీలు గ్లాసులో చల్లటి నీళ్ళు, నాలుగు ఐసు ముక్కలు. ముందు బయటి వైపు పొడిగుడ్డతో బాగా తుడవండి, లేకపోతే “పోసేటప్పుడు ఒలికింది సార్” అనే జవాబుతో చర్చ చచ్చిపోతుంది. కొద్ది నిమిషాల్లో బయట చుక్కలు పడతాయి. ఎక్కడివి? రెండు నిమిషాలు జంటల్లో, వాళ్ళింట్లో మాట్లాడే తెలుగులో. “గ్లాసుకు కనబడని బొక్కలుంటయ్”, “సల్లదనం బయటికొచ్చి నీళ్ళయింది”, “గాలిల నుంచి వచ్చినయ్.” మూడూ రాయండి. బొక్కలను ‘రంధ్రాలు’ అని దిద్దకండి. దిద్దిన మరుక్షణం పిల్లలు గ్లాసును వదిలేసి మీ భాష మీద దృష్టి పెడతారు.

ఇప్పుడు ప్రతి మాటకూ ఒకటే ప్రశ్న: “అదే నిజమైతే ఇంకేం జరగాలె?” బొక్కలుంటే లోపలి నీళ్ళ రంగే బయటికి రావాలి. నీళ్ళలో నాలుగు చుక్కల సిరా వేయండి, బయటి చెమ్మను తెల్ల చేతిరుమాలుతో తుడిపించండి. రంగు రాదు. కారుతోంది అన్నవాళ్ళు తమంతట తామే వెనక్కి తగ్గుతారు. చల్లదనం నీళ్ళయిందన్నవాళ్ళు అంత త్వరగా ఒప్పుకోరు, ఒప్పుకోకపోవడమే మంచిది. మరో గ్లాసును అంతే చల్లగా చేసి, బాగా తుడిచి, ప్లాస్టిక్ సంచితో బిగుతుగా చుట్టి చూడమనండి. చల్లదనం అంతే ఉంది, గాలే గ్లాసును తాకట్లేదు. కాసేపయ్యాక విప్పి గ్లాసునూ సంచి బయటి వైపునూ వేర్వేరుగా తాకి చూస్తే చుక్కలు ఎక్కడున్నాయో పిల్లలకే తెలుస్తుంది. ఈ పాఠాన్ని ఏప్రిల్ ఎండల్లో పెట్టుకోకండి. గాలి పొడిగా ఉంటే చుక్కలు సరిగా పట్టవు. వానాకాలంలో అయితే చూస్తుండగానే గ్లాసు చెమటలు పడుతుంది.

ఇదంతా అయ్యాకే ‘సాంద్రీకరణం’ అన్న మాట, దాని పక్కన ‘కండెన్సేషన్’. చివరి పది నిమిషాలు ఇంగ్లిష్‌కి. బోర్డు మూలన మూడు చట్రాలు ఏడాది పొడవునా ఉంచండి: “ఐ థింక్... బికాజ్...”, “ఐ డోంట్ అగ్రీ, బికాజ్...”, “హౌ డు యూ నో?” అదే చుక్కల సంగతి వీటిలో పెట్టి ఒక్కొక్కరు ఒక్క వాక్యం. మాట తట్టకపోతే తెలుగు మాటే అందులో పెట్టి చెప్పమనండి: “ఐ థింక్ వాటర్ కేమ్ ఫ్రమ్ గాలి.” గాలి స్థానంలో ‘ఎయిర్’ పెట్టడానికి పక్కనున్నవాళ్ళు చాలు. హెడ్మాస్టర్ గారిని ఈ చివరి పది నిమిషాలకు పిలవండి.

కోయ, గోండి, సవర పిల్లలున్న బడిలో ఇదే సూత్రం ఇంకో అడుగు వెనక్కి వెళ్తుంది. అక్కడ తెలుగే పరాయి భాష. ఒకే భాష పిల్లలిద్దర్ని జంటగా కూర్చోబెట్టి, మొదటి రెండు నిమిషాలు వాళ్ళ భాషలో మాట్లాడనివ్వండి. మీకు అర్థం కాకపోయినా పర్వాలేదు. తర్వాత ఇద్దరూ కలిసి తెలుగులో చెబుతారు. ఒంటరిగా చెప్పలేని పిల్ల జంటలో చెప్పగలదు.

ప్రశ్న: 52 మంది పిల్లలు, 45 నిమిషాల పీరియడ్, నెలాఖరుకు పూర్తి చేయాల్సిన సిలబస్. చర్చలకు తీరిక ఎక్కడుంది?
– గణిత ఉపాధ్యాయుడు, విజయనగరం

జవాబు: ప్రతిరోజూ వద్దు. సబ్జెక్టుకు వారానికి ఒక్క ప్రశ్న, పన్నెండు నిమిషాలు: ఒకటి ఒంటరిగా, రెండు జంటలో, ఏడు బోర్డు దగ్గర, రెండు తేల్చి చెప్పడానికి. 52 మందిలో ఆ రోజు గట్టిగా మాట్లాడేది ఐదారుగురే, కానీ జంటల్లో 52 మందీ మాట్లాడతారు. పుల్లల డబ్బాలోంచి తీసినవి వేరే డబ్బాలో వేస్తూ పోతే ఏడాదిలో ఎవరూ తప్పించుకోరు. ప్రశ్న ఎంపికే అసలు పని: పిల్లలు రెండు మూడు రకాలుగా ఆలోచించే చోటే పెట్టండి (1/3, 1/4లో ఏది పెద్దది లాంటివి). అందరూ ఒకే జవాబు చెప్పే చోట చర్చ పెడితే మీరన్నట్టు టైము దండగే. ఎవరైనా ‘ఇదంతా అదనపు పని’ అంటే, 2009 విద్యాహక్కు చట్టం సెక్షన్ 29 చూపించండి. పిల్లల్ని భయం, ఆందోళనల నుంచి దూరం చేసి, అభిప్రాయాలు స్వేచ్ఛగా చెప్పేలా తోడ్పడాలని అందులోనే ఉంది.

ప్రశ్న: మా పాప రెండో తరగతి. ఇంట్లో వసపిట్ట. బడిలో మాత్రం జూన్ నుంచి ఒక్క మాట లేదని టీచర్ అంటున్నారు, పొగరనుకుంటున్నారు. ఏం చేయాలి?
– ఒక తల్లి, హైదరాబాద్

జవాబు: పొగరు కాదమ్మా. కొత్త బడిలో మొదటి నెల నోరు విప్పకపోవడం మామూలే. ఆ నెల దాటాక కూడా నెలకు మించి, ఇంట్లో ధారాళంగా మాట్లాడే పిల్ల బడిలో అస్సలు మాట్లాడకపోతే ‘సెలెక్టివ్ మ్యూటిజం’ అనే ఆందోళన సమస్య కావచ్చు. కావాలని మొండికేయడం కాదు, ఆ చోట గొంతు పెగలదు. పిల్లల మానసిక నిపుణుల దగ్గరికి వెళ్ళండి. ప్రభుత్వంలో అయితే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద నడిచే జిల్లా సత్వర చికిత్సా కేంద్రంలో అడగండి.

ఈలోగా టీచరు గారితో మూడు సంగతులు చెప్పండి. అందరి ముందూ నిలబెట్టి అడగవద్దు. జవాబు రాసి చూపినా, వేలితో చూపినా, తనకిష్టమైన ఒక్క స్నేహితురాలి చెవిలో చెప్పినా అది జవాబే. ఏ రోజైనా గొంతు వినిపిస్తే “అబ్బో, మాట్లాడిందే!” అని సంబరపడొద్దు, మామూలుగా తర్వాతి మాటకు వెళ్ళిపోవాలి. మీరు ఇంట్లో “ఈ రోజు మాట్లాడావా?” అని రోజూ అడగడం మానండి.

నత్తి ఉన్న పిల్లలకు ఇది వేరు: వాళ్ళు మాట్లాడాలనుకుంటారు, మనం ఆగాలి. వాక్యం వాళ్ళే పూర్తి చేసుకునేదాకా అందించకండి, “నిదానంగా చెప్పు” అని కూడా అనకండి.

ప్రశ్న: ఎఫ్ఏలో (ఫార్మేటివ్ అసెస్‌మెంట్, అంటే నిర్మాణాత్మక మూల్యాంకనంలో) ‘పిల్లల భాగస్వామ్యం–ప్రతిస్పందనలు’ మార్కులు అందరికీ దాదాపు ఒకేలా వేసేస్తున్నాం. నిజాయితీగా వేసే దారేమిటి?
– ఉపాధ్యాయుడు, నల్గొండ

జవాబు: చివరి రోజు గుర్తు తెచ్చుకుని వేస్తే గట్టి గొంతులకే ఎక్కువ పడతాయి. రోజుకు ఐదుగురిని ముందే అనుకుని, వాళ్ళు అన్న ఒక్క వాక్యాన్ని వాళ్ళ మాటల్లోనే చిన్న నోట్‌బుక్‌లో రాసుకోండి. పక్కన మూడు గుర్తుల్లో ఏది వర్తిస్తే అది: జవాబు మాత్రమే చెబితే ‘జ’, ‘ఎందుకంటే’ అని కారణం ఇస్తే ‘కా’, ఇంకొకరి మాటను అందుకుని ఒప్పుకోవడమో కాదనడమో చేస్తే ‘అం’. తన అభిప్రాయం మార్చుకుని ఎందుకు మార్చుకుందో చెప్పిన పిల్లకు కూడా ‘అం’ వేయండి. మాట్లాడని పిల్లలు పలక మీద, నోట్సులో రాసిన కారణాన్నీ లెక్కలోకి తీసుకోండి. ఎన్నిసార్లు చెయ్యెత్తారో లెక్కించకండి. నలభై మందున్న క్లాసులో ఎనిమిది పనిదినాలకు ఒక చుట్టు పూర్తవుతుంది, ఎఫ్ఏ లోపు మూడు నాలుగు చుట్లు పడతాయి. ఎవరి పేరు పక్కన అన్నిసార్లూ ‘జ’ మాత్రమే ఉందో, వచ్చే వారం “ఎలా తెలిసింది?” అని ముందు వాళ్ళనే అడగండి.